ఇనుప రజను, మైలుతుత్తం: లెక్క చెప్పే రాగి ఎంత, బీకరులో మిగిలే రాగి ఎంత?

ఇనుప రజను 1.50 గ్రాములు తూచి కాపర్ సల్ఫేట్ (మైలుతుత్తం) ద్రావణంలో వేశారనుకోండి. ఏ కారణం చేతనో చర్య అసలు జరగలేదు. ఆ రజనునే కడిగి, ఆరబెట్టి, రాగి అనుకుని తూచి లెక్క కట్టారు. శాతం దిగుబడి, అంటే లెక్క ప్రకారం రావలసిన రాగిలో చేతికొచ్చినది నూటికి ఎంతో, ఎంత వస్తుంది? దాదాపు 88. రికార్డులో రాస్తే ఎవరికీ అనుమానం కూడా రాదు.

కారణం చిన్నది. ఇనుము పరమాణు భారం 55.85, రాగిది 63.55. ఒక ఇనుప పరమాణువు పోయి దాని చోట ఒక రాగి పరమాణువు వస్తే బరువు ఏడో వంతు కూడా పెరగదు. 55.85ను 63.55తో భాగిస్తే 0.879. అందుకే ఈ ప్రయోగంలో మంచి శాతం రావడం గొప్ప కాదు. తూచినది రాగేనని ముందు తేల్చుకోవడం అసలు పని. కింద చెప్పే పద్ధతిలో అయస్కాంతానికి, ఆమ్లానికి ఎక్కువ చోటు ఇచ్చింది అందుకే.

చర్య పదో తరగతి నుంచి మీకు తెలిసిందే: ఇనుము, కాపర్ సల్ఫేట్ కలిసి ఫెర్రస్ సల్ఫేట్, రాగి ఇస్తాయి. రసాయన స్థానభ్రంశానికి అందరూ చెప్పే ఉదాహరణ ఇదే. అక్కడ మేకు ఎర్రబడటం చూసి వదిలేస్తారు. ఇక్కడ ఆ ఎరుపును తూకం వేయాలి.

సరంజామా

కాపర్ సల్ఫేట్ నీలి స్ఫటికాలు 8.00 గ్రాములు. ఇనుప రజను 1.50 గ్రాములు. 100 మి.లీ. బీకరు ఒకటి, 250 మి.లీ. బీకరు ఒకటి. గాజు కడ్డీ, 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 10 మి.లీ., ఎసిటోన్ లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 20 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ అర లీటరు, గట్టి అయస్కాంతం, థర్మామీటరు, కళ్లద్దాలు, చేతి తొడుగులు. తక్కెడ కనీసం 0.01 గ్రాము చూపించేదై ఉండాలి. బంగారం తూచే చిన్న జేబు తక్కెడ సరిపోతుంది. వంటింటి తక్కెడ పనికిరాదు, ఎందుకంటే ఈ ప్రయోగం మొత్తంలో పెరిగే బరువే 0.21 గ్రాము.

డిస్టిల్డ్ వాటర్ దొరక్కపోతే ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్లు వాడండి. బోరు నీళ్లు మాత్రం వద్దు. వాటిలోని బైకార్బనేట్లు రాగి లవణంతో కలిసి లేత నీలిపచ్చ మడ్డి కడతాయి, అది రాగితో పాటు అడుగున చేరుతుంది.

స్ఫటికాలు ఎరువుల దుకాణంలో దొరికే మైలుతుత్తం అయినా ఫరవాలేదు. అది నూరు శాతం శుద్ధంగా లేకపోయినా, మనం దాన్ని అవసరానికి మించి తీసుకుంటున్నాం కాబట్టి లెక్క చెడదు. నీటిలో కరగని మట్టి ఉంటే మాత్రం ముందే వడపోయండి. ఇనుము సంగతి వేరు. లెక్కంతా దాని బరువు మీదే నిలబడుతుంది. రజనులో 5 శాతం తుప్పూ నూనే ఉంటే, మీరు ఎంత జాగ్రత్తగా చేసినా 95 దాటదు.

రజను ఎక్కడిదో కూడా చూసుకోండి. లేత్ షాపు నుంచి తెచ్చిన పోత ఇనుము రజనులో 2 నుంచి 4 శాతం దాకా కార్బన్ ఉంటుంది. అది కాపర్ సల్ఫేట్‌లో కరగదు, ఆమ్లంలోనూ కరగదు, నల్లటి పొడిగా రాగిలోనే ఉండిపోయి తూకంలోకి వస్తుంది. అంట్లు తోమే స్టీలు పీచు చాలావరకు స్టెయిన్‌లెస్, అందులోని క్రోమియం పొర చర్యను అడ్డుకుంటుంది. వాటిలో కొన్ని అయస్కాంతానికి అంటుకుంటాయి కాబట్టి ఆ పరీక్ష ఇక్కడ చాలదు. ఒక పోగు తీసి కాపర్ సల్ఫేట్ ద్రావణంలో ఒక నిమిషం ముంచండి. ఎర్రబడితే వాడుకోవచ్చు, లేకపోతే పక్కన పెట్టేయండి. మెరిసే మేకులు జింకు పూత వేసినవై ఉండొచ్చు, పైగా పూత లేని మేకు కూడా లోపలిదాకా ఈ కాస్త సమయంలో మారదు. దిగుబడి లెక్కకు మేకులు వద్దు.

ఏ రజను అయినా ముందు ఎసిటోన్‌తో ఒకసారి కడిగి ఆరనివ్వండి. నూనె అంటిన రజను ద్రావణంలో తడవదు, ఉండలు కట్టి తేలుతుంది.

ముందు లెక్క, తర్వాతే బీకరు

ఏది ముందు అయిపోతుందో తెలియకుండా మొదలుపెడితే చివర్లో నీలం రంగు మిగిలినా అర్థం కాదు, మిగలకపోయినా అర్థం కాదు.

ఇనుము: 1.50 ÷ 55.85 = 0.02686 మోల్.
కాపర్ సల్ఫేట్: 8.00 ÷ 249.7 = 0.03204 మోల్.

ఒకటికి ఒకటి నిష్పత్తి కాబట్టి ఇనుమే ముందు అయిపోతుంది, అదే లిమిటింగ్ రియేజెంట్. కాపర్ సల్ఫేట్ సుమారు 19 శాతం ఎక్కువుంది. రావలసిన రాగి: 0.02686 × 63.55 = 1.707 గ్రాములు. ఇదే సైద్ధాంతిక దిగుబడి.

ఇక్కడ ఎక్కువమంది పడే గుంట 249.7 దగ్గర ఉంది. నీలి స్ఫటికంలో ఒక్కో కాపర్ సల్ఫేట్‌కు అయిదు నీటి అణువులు ఉంటాయి. వాటిని మరిచి 159.6తో భాగిస్తే 0.0501 మోల్ వస్తుంది. మన కొలతల్లో ఇనుమే ముందు అయిపోతుంది కాబట్టి ఆ తప్పు బయటపడదు. కానీ రేపు మరో కొలతలో కాపర్ సల్ఫేట్ లిమిటింగ్ అయితే, సైద్ధాంతిక దిగుబడి ఒకటిన్నర రెట్లు ఎక్కువై, ఎంత బాగా చేసినా 64 శాతమే కనిపిస్తుంది. సీసా మీద ఏం రాసి ఉందో చదవండి. పొడి తెల్లగా ఉంటే నీరు లేనిది, నీలంగా ఉంటే నీరున్నది.

ఉత్పన్నం ఫెర్రిక్ సల్ఫేట్ (ఇనుము మూడు ఎలక్ట్రాన్లు ఇస్తే వచ్చేది) అని సమీకరణం రాసేవాళ్లూ ఉంటారు. అదే నిజమైతే ఇనుముకు ఒకటిన్నర రెట్ల రాగి రావాలి, మన కాపర్ సల్ఫేట్ చాలక 2.04 గ్రాముల దగ్గర ఆగాలి. బీకరులో వచ్చేది ఎప్పుడూ 1.7 లోపే. ఇనుము ఇక్కడ రెండు ఎలక్ట్రాన్లే ఇస్తుందని చెప్పడానికి అదొక ఆధారం.

చేసే విధానం

1. ఖాళీ 100 మి.లీ. బీకరును కడిగి, ఆరబెట్టి, చల్లారాక తూచండి. గుర్తు పెన్సిల్‌తో వేయండి. కాగితం చీటీ అంటించకండి, తర్వాత వేడికి అందులోని తేమా జిగురూ ఎండి బరువు మారుతుంది. చర్య, కడగడం, ఆరబెట్టడం, తూచడం అన్నీ ఈ ఒక్క బీకరులోనే. పాత్ర మార్చిన ప్రతిసారీ గోడలకు కొంత రాగి అంటుకుపోతుంది.

2. ఇందులో 8.00 గ్రాముల స్ఫటికాలు, 40 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ వేసి, 60 నుంచి 70 డిగ్రీల దాకా వేడిచేస్తూ పూర్తిగా కరిగించండి. మరగనివ్వకండి. పొయ్యి మీద నుంచి దించండి.

3. రజనును కాగితం మీద 1.50 గ్రాములు తూచి, చిటికెడు చిటికెడు చొప్పున అయిదు నిమిషాల్లో వేయండి, కడ్డీతో కలుపుతూ ఉండండి. ఒక్కసారిగా కుమ్మరిస్తే చర్య వేడి, ద్రావణం వేడి కలిసి నురగతో పైకి ఎగుస్తుంది. కాగితాన్ని మళ్లీ తూచి, దానికి అంటుకున్న రజనును 1.50లోంచి తీసేయండి. 0.02 గ్రాము తేడా వచ్చినా ఒక శాతం పైగా పోయినట్టే.

4. మరో పది నుంచి పదిహేను నిమిషాలు కలపండి. కలపడమంటే నీటిని తిప్పడం కాదు, అడుగున పేరుకున్న ఉండల్ని కడ్డీ మొనతో గోడకేసి నలపడం.

ఈ నాలుగో అడుగే ప్రయోగానికి గుండెకాయ. రజను పడిన క్షణంలో బూడిద రంగు గింజలు ముదురు ఇటుక రంగుకు తిరుగుతాయి. చూడటానికి పనైపోయినట్టే ఉంటుంది. కానీ ఆ ఎరుపు పైపొర మాత్రమే. రాగి గింజ చుట్టూ కవచంలా కట్టుకుని లోపలి ఇనుమును ద్రావణానికి అందకుండా చేస్తుంది. నలిపినప్పుడు ఆ కవచం పగిలి, కొత్త ఇనుము బయటపడి, చర్య మళ్లీ నడుస్తుంది. చిన్న బుడగలు కూడా కనిపిస్తాయి. కాపర్ సల్ఫేట్ ద్రావణానికి కాస్త ఆమ్ల గుణం ఉంటుంది, ఆ ఆమ్లం కొద్దిపాటి ఇనుమును తినేసి హైడ్రోజన్ వదులుతుంది. అలా పోయిన ఇనుముకు రాగి రాదు. వాస్తవ దిగుబడి తగ్గడానికి అదొక చిన్న కారణం.

చివరికి ద్రావణం నీలిపచ్చగా మిగలాలి. పూర్తిగా లేత ఆకుపచ్చకు తిరిగిందంటే కాపర్ సల్ఫేట్ అయిపోయిందని అర్థం, తూకంలో ఎక్కడో పొరపాటు జరిగింది.

అయస్కాంతం, ఆమ్లం

ఘనపదార్థం అడుక్కు దిగాక పైన తేరుకున్న నీటిని 250 మి.లీ. బీకరులోకి మెల్లగా వంపండి. చివరి చుక్క దాకా పోవాలని ఆత్రపడకండి, సన్నటి రాగి నీటితో జారిపోతుంది. పైన రాగి పొడి తేలుతుంటే ఒక చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేయండి, నీటి తలతన్యత తగ్గి మునుగుతుంది. 15 మి.లీ. నీరు పోసి, కలిపి, తేరాక వంపండి. ఇలా రెండుసార్లు.

ఇప్పుడు అయస్కాంతాన్ని బీకరు అడుగున బయటి నుంచి ఆనించి పక్కకు జరపండి. ఎర్రటి పొడి కదలకపోతే మంచిదే. అయస్కాంతం వెంట కొంత పొడి గీతలా పాకితే అందులో మార్పు చెందని ఇనుము ఉందన్నమాట, రంగు ఎంత ఎర్రగా ఉన్నా సరే.

కదిలినా కదలకపోయినా తర్వాతి పని ఒకటే. 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 10 మి.లీ. పోసి అయిదారు నిమిషాలు కలపండి. గాఢ ఆమ్లం నుంచి చేసుకునేటట్టయితే ఒక వంతు ఆమ్లాన్ని పదకొండు వంతుల నీటిలోకి పోయాలి, నీటిని ఆమ్లంలోకి ఎప్పుడూ పోయకూడదు. మిగిలిన ఇనుము బుడగలతో కరిగిపోతుంది. వచ్చేది హైడ్రోజన్, దగ్గర్లో స్పిరిట్ దీపం వెలుగుతుంటే ముందు ఆర్పేయండి. బుడగలు ఆగాక అయస్కాంతం మళ్లీ పెట్టి చూడండి. 10 మి.లీ. ఆమ్లం 0.28 గ్రాముల ఇనుము దాకా కరిగిస్తుంది, ఇంకా పొడి కదులుతుంటే మరో 5 మి.లీ. పోయండి.

సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం రాగిని ముట్టదని పాఠంలో ఉంటుంది. గాలి తగలనంతవరకు అది నిజం. గాలిలోని ఆక్సిజన్ తోడైతే రాగి కూడా మెల్లగా కరుగుతుంది, కాబట్టి ఆమ్లంలో వదిలేసి భోజనానికి వెళ్లకండి.

ఈ మెట్టు ఎంత తేడా తెస్తుందో అంకెల్లో చూడండి. పదో వంతు ఇనుము, అంటే 0.15 గ్రాము, మారకుండా మిగిలిందనుకుందాం. అప్పుడు వచ్చిన రాగి 1.536 గ్రాములు. ఆమ్లం వాడకుండా తూస్తే 1.536 + 0.15 = 1.686 గ్రాములు, శాతం 98.8. ఆమ్లంతో కడిగి తూస్తే 1.536, శాతం 90.0. ఒకే బీకరు, ఒకే పనితనం. తొంభై తొమ్మిది చూపించిన అంకె అబద్ధం, తొంభై చూపించింది నిజం. ఆమ్లపు కడుగుడు మార్కులు తగ్గిస్తుందని కొందరు దాటేస్తారు గానీ, అది లేకుండా రాసిన శాతానికి అర్థం లేదు.

కడగడం, ఆరబెట్టడం

ఆమ్లం వంపేశాక 15 మి.లీ. నీటితో మూడుసార్లు కడగండి. చివరి కడుగునీటిలోంచి రెండు చుక్కలు పరీక్షనాళికలోకి తీసి బేరియం క్లోరైడ్ ద్రావణం ఒక చుక్క వేయండి. తెల్లగా మసకబారితే సల్ఫేట్ ఇంకా ఉంది, మరోసారి కడగాలి. బేరియం లవణాలు విషం, రాగి ఉన్న బీకరులో వేయకండి, చేతికి అంటితే వెంటనే కడుక్కోండి.

తర్వాత 10 మి.లీ. ఎసిటోన్‌తో రెండుసార్లు. ఎసిటోన్ నీటితో కలిసిపోయి దాన్ని తనతో తీసుకుపోతుంది, తానూ త్వరగా ఆరిపోతుంది. దీనికి మంట అసలు పనికిరాదు. ఎసిటోన్ వాసన పూర్తిగా పోయాక ఓవెన్ ఉంటే 70 నుంచి 80 డిగ్రీల్లో ఇరవై నిమిషాలు ఉంచండి. ఓవెన్ లేకపోతే వేడినీళ్ల బీకరు మీద చిన్న బీకరును కూర్చోబెట్టండి. అడుగున చేరిన ఆవిరి నీటిని తూచేముందు తుడవడం మరవకండి.

తొందరపడి నేరుగా మంట మీద పెట్టినవాళ్ల రాగి నల్లబడుతుంది. అది కాపర్ ఆక్సైడ్. రాగి మొత్తం ఆక్సైడ్ అయితే 1.707 కాస్తా 2.136 గ్రాములవుతుంది, 125 శాతం. పదో వంతు మాత్రమే నల్లబడినా రెండున్నర శాతం అదనంగా కనిపిస్తుంది.

బీకరు గది వేడికి చల్లారాకే తూచండి. వేడి బీకరు చుట్టూ గాలి పైకి లేచి తక్కెడను తేలిక చేస్తుంది. తూచాక మరో పది నిమిషాలు ఆరబెట్టి, చల్లార్చి, మళ్లీ తూచండి. రెండు తూకాల మధ్య 0.01 మించి తేడా లేనంతవరకు ఇదే పని.

పోల్చడం

ఖాళీ బీకరు 52.36 గ్రాములు, రాగితో 53.98 గ్రాములు అనుకుందాం. వాస్తవ దిగుబడి 1.62 గ్రాములు.

శాతం దిగుబడి = 1.62 ÷ 1.707 × 100 = 94.9

మధ్యలో 1.707ను 1.7 చేసేస్తే 95.3 వస్తుంది. సవరించడం చివర్లో ఒక్కసారే చేయండి. ఇంకో మాట: 0.01 గ్రాము తక్కెడతో రెండుసార్లు తూచారు, అంటే రాగి బరువులో 0.02 దాకా అటూ ఇటూ ఉండొచ్చు. అది శాతంలో 1.2. పక్క బల్ల వాళ్లకు 94.3 వచ్చి మీకు 94.9 వస్తే మీరు బాగా చేసినట్టు కాదు, రెండూ ఒకటే.

అంకె 100 దాటితే మొదటి అనుమానం తేమ మీద. 0.10 గ్రాము నీరు మిగిలితే ఆరు శాతం పెరిగినట్టే. మళ్లీ ఆరబెట్టండి, తగ్గితే అదే. తగ్గకపోతే రంగు చూడండి: నల్లగా ఉంటే ఆక్సైడ్, తెల్లటి పొక్కు ఉంటే కడగని ఫెర్రస్ సల్ఫేట్, తుప్పు రంగు మడ్డి ఉంటే ఫెర్రిక్ లవణాలు. ఈ మడ్డి ద్రావణాన్ని మరగబెట్టినప్పుడు, లేదా గంటల తరబడి గాలికి వదిలేసినప్పుడు కడుతుంది.

90 కంటే తక్కువ వస్తే వంపిన నీళ్ల బీకరును ముందు చూడండి. అడుగున ఎర్రటి పొడి ఉంటే అది మీ దిగుబడే, తేర్చి తిరిగి కలుపుకోవచ్చు. అది శుభ్రంగా ఉంటే ఇనుము పూర్తిగా మారలేదు, ఆమ్లం దాన్ని బయటపెట్టింది. మళ్లీ చేసేటప్పుడు సన్నటి రజను తీసుకుని, ఇంకా ఎక్కువసేపు నలపండి.

రాత్రంతా వదిలేసి పొద్దున కడిగే అలవాటు కూడా దిగుబడిని తింటుంది. గాలి తగిలిన ఫెర్రస్ అయాన్లు ఫెర్రిక్ అవుతాయి, ఫెర్రిక్ అయాన్లు రాగిని తిరిగి కరిగిస్తాయి. సర్క్యూట్ బోర్డు మీద రాగిని ఫెర్రిక్ క్లోరైడ్‌తో చెక్కేది ఈ చర్యతోనే. గనుల నీటిలో తుక్కు ఇనుము వేసి రాగి తీసే పద్ధతిని చైనాలో సాంగ్ వంశం కాలంలో, తర్వాత స్పెయిన్‌లోని రియో టింటోలో పెద్ద ఎత్తున నడిపారు. అక్కడ దొరికే రాగి కూడా ఇనుము కలిసిన ముడిసరుకే, మళ్లీ శుద్ధి చేయాల్సిందే.

ఇనుము బదులు జింకు వాడితే పరిస్థితి ఇంకా తమాషాగా ఉంటుంది. జింకు 65.38, రాగి కంటే బరువు. చర్య ఏమీ జరగకపోతే 103 శాతం కనిపిస్తుంది, జరిగిన కొద్దీ అంకె తగ్గుతుంది. అయస్కాంతం కూడా పట్టదు, ఆమ్లం ఒక్కటే దిక్కు. బరువే తప్పును పట్టించాలంటే అల్యూమినియం మేలు: మారకుండా ఉండిపోతే 28 శాతమే వస్తుంది. కాకపోతే దాని మీది ఆక్సైడ్ పొర కాపర్ సల్ఫేట్‌కు లొంగదు, ద్రావణంలో ఒక చెంచా ఉప్పు వేస్తే గానీ చర్య మొదలవదు. మొదలయ్యాక ఒక్కసారిగా వేడెక్కుతుంది, కాబట్టి రేకును చిన్న ముక్కలు చేసి ఒక్కొక్కటిగా వేయండి.

మిగిలిన నీళ్లు

వంపిన నీటిలో ఇంకా 0.3 గ్రాముల పైచిలుకు రాగి ఉంటుంది. చేపలకు అది విషం, సింకులో పోయకండి. అన్ని బల్లల నీళ్లూ ఒక ప్లాస్టిక్ బకెట్‌లో చేర్చి, మిగిలిన ఇనుప రజనో తుప్పు మేకులో వేసి, మూత బిగించకుండా రాత్రంతా ఉంచండి, హైడ్రోజన్ బయటకు పోవాలి. పొద్దున్నకి నీలం పోయి లేత ఆకుపచ్చ మిగులుతుంది. పైనీటిని కాస్త సున్నపు నీటితో తటస్థం చేసి ఎక్కువ నీటితో పారబోయవచ్చు. అడుగున చేరిన రాగిని ఎండబెట్టి సీసాలో దాచండి, వచ్చే ఏడాది ఆమ్లాల పాఠానికి పనికొస్తుంది.